షుగరు చిట్టా: ముప్పై ఏళ్ళ పద్దులు

మొన్న ఆషాఢంలో మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. ముప్పై తొమ్మిదేళ్ళవాడు, కంప్యూటరు ఉద్యోగం. ఆఫీసులో ఏటా చేయించే పరీక్షల్లో పరగడుపు షుగరు 168 వచ్చిందట. "మామయ్యా, ముందు అమ్మకి చెప్పకు" అన్నాడు. కాసేపు ఊరుకుని, "మిషను కొన్నాను. రోజూ పొద్దున్నే చూసుకుంటున్నా. అంకె చూసి దిగులుపడటం తప్ప దాంతో ఏం చెయ్యాలో తెలీడం లేదు" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను వదల్లేదు. మండపేటలో ఒక రైసు మిల్లులో ముప్పై నాలుగేళ్ళు గుమస్తాగా చేశాను. షుగరుతో ముప్పై ఒక్కేళ్ళ నుంచి బతుకుతున్నాను. ఇప్పుడు నాకు డెబ్భై నాలుగు. అంకెలే అన్నం పెట్టిన వృత్తిలో ఉండి కూడా, నా ఒంటి అంకెలతో ఏం చెయ్యాలో తెలుసుకోవడానికి నాకు పుష్కరం దాటి పట్టింది. వాడికి అంత కాలం పట్టకూడదని ఈ పాఠాలు రాశాను. వాడిలాంటి వాళ్ళు ఇంటికొకరు ఉన్నారు కాబట్టి అందరూ చదవొచ్చు. ఏ మందు ఎంత వేసుకోవాలో డాక్టరు చెప్పాలి. నేను చెప్పేదల్లా చూసుకోవడం గురించి, రాసుకోవడం గురించి.

1. "నాకు తెలిసిపోతుంది" అనేవాళ్ళకి తెలియదు

మా నాన్నగారికీ షుగరే. 1970ల్లో మా పెరట్లో నూతిగట్టు మీద ఒక స్పిరిటు దీపం, గాజు గొట్టం, నీలం మందు సీసా ఉండేవి. ఆ మందు బెనెడిక్ట్ ద్రావణం. అయిదు మిల్లీలీటర్ల మందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదని లెక్క. ఆకుపచ్చగా మారితే కొంచెం ఉన్నట్టు, పసుపైతే ఇంకొంచెం, ఇటుక రంగు తిరిగితే బాగా ఎక్కువ. చుక్కలు లెక్కపెట్టడం నా పని. నీలం నీలంగా నిలిచిన రోజు నాన్నగారు అమ్మని పిలిచి, "ఇవాళ ఇంకో ముద్ద పెట్టు" అనేవారు.

ఆ నీలం ఎంత మోసం చేసిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితేనే మూత్రంలోకి దిగుతుంది. కొందరికి, ముఖ్యంగా పెద్ద వయసువాళ్ళకి, ఆ గట్టు ఇంకా పైనే ఉంటుంది. అంటే 170 ఉన్న రోజూ నీలమే, 60కి పడిపోయిన రోజూ నీలమే. పైగా ఆ మూత్రం అంతకు ముందు కొన్ని గంటల కథ చెబుతుంది కానీ ఇప్పటి సంగతి చెప్పదు. నాన్నగారికి ముందు ఎడమకాలి బొటనవేలు తీసేశారు. తర్వాత చూపు పోయింది. ఆయన నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. రోజూ చూసుకున్నారు. ఆ రోజుల్లో ఇంట్లో చూసుకునేందుకు దొరికిన సాధనం అంతే.

ఇక నా సంగతి. 1994లో నాలుగు నెలల్లో రెండుసార్లు కళ్ళజోడు మార్చాను. చిట్టాలో అంకెలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. కళ్ళద్దాల షాపు ముసలాయన, "గుమస్తాగారూ, అద్దాల్లో లోపం లేదు, షుగరు చూపించుకోండి" అన్నాడు. చక్కెర పెరిగితే కంట్లో కటకం ఉబ్బి చూపు మారిపోతుందని అప్పుడే తెలిసింది. ల్యాబులో 286 వచ్చింది. చూపు మసకబారడం తప్ప ఒంట్లో నాకు ఏ ఇబ్బందీ లేదు. దాహం లేదు, నీరసం లేదు. 286తో లారీల లెక్క చూసుకుంటూ హాయిగా తిరిగాను. అందుకే ఎవరైనా "నాకు ఎక్కువైతే తెలిసిపోతుందండీ" అంటే నాకు భయం వేస్తుంది.

అప్పటి డాక్టరుగారు ఒక మాట చెప్పారు. అంతకు ముందు ఏడే, 1993లో, అమెరికా కెనడాల్లో 1,441 మంది మీద ఏళ్ళ తరబడి జరిపిన పరిశీలన ఫలితాలు వచ్చాయట. చక్కెరని అదుపులో ఉంచుకున్నవాళ్ళకి కళ్ళు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గిందని తేలింది. వాళ్ళు చిన్నవయసు నుంచి ఇన్సులిను మీద బతికేవాళ్ళు. 1998లో బ్రిటను పరిశీలన మాలాంటి పెద్దవయసు షుగరువాళ్ళకీ అదే వర్తిస్తుందని చూపించింది. మా నాన్నగారి వేలు తలరాత కాదని తెలిసిన రోజు ఏడుపొచ్చింది.

2. సూది గుచ్చుకునే ముందు చేతులు కడుక్కోండి

ఇంత చిన్న విషయానికి ఒక పాఠమా అనిపించవచ్చు. నన్ను చావు అంచుకి తీసుకెళ్ళింది ఇదే.

2006 మే నెల. మా అమ్మాయి పిల్లలు వేసవి సెలవులకి వచ్చారు. సాయంత్రం బంగినపల్లి కాయలు కోసి ముక్కలు పెట్టాను. నేను ఒక్క ముక్క తినలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని రాత్రి భోజనానికి ముందు మిషనులో చూసుకుంటే 312! గుండె జారిపోయింది. డాక్టరుకి ఫోను చెయ్యకుండా, ఎవరికీ చెప్పకుండా, రాత్రి వేసుకునే గ్లైబెన్‌క్లమైడ్ మాత్ర ఒకటికి రెండు వేసుకుని, భయంతో సగం అన్నమే తిని పడుకున్నాను. ఆ 312 నా రక్తానిది కాదు, వేలికంటిన మామిడి రసానిది. ఆ రాత్రి ఏమైందో తర్వాతి పాఠంలో చెబుతాను.

సబ్బుతో కడుక్కుని పొడిగా తుడుచుకోవాలి. తడి ఉంటే రక్తం పలచబడుతుంది. స్పిరిటు దూది వాడితే పూర్తిగా ఆరనివ్వాలి. వేలి కొసన మధ్యలో కాకుండా పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ. మధ్యవేలు, ఉంగరపువేలు మార్చి మార్చి వాడండి. చుక్క రాకపోతే చెయ్యి కిందికి వేలాడదీసి కాసేపు ఊపండి, గోరువెచ్చని నీళ్ళతో కడగండి. పిండి పిండి తీసిన చుక్కలో ఒంటి నీరు కలుస్తుంది, దాన్ని నమ్మలేం.

స్ట్రిప్పుల సీసా మూత వెంటనే బిగించాలి. మా కోస్తా ఉక్కలో మూత తీసి ఉంచితే అవి పాడవుతాయి. పొయ్యిగట్టు పక్కనా వద్దు, ఫ్రిజ్‌లోనూ వద్దు. గడువు తేదీ చూసుకోండి.

ఇంకో మాట. ఒకే వేలి మీద వెంట వెంటనే రెండుసార్లు చూస్తే 148, 161 వచ్చాయని కంగారుపడి మిషను మార్చేసినవాళ్ళని చూశాను. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100, ఆపైన ఉన్న అంకెల్లో నూటికి తొంభై అయిదు ల్యాబు అంకెకి పదిహేను శాతం అటూ ఇటూగా ఉంటే చాలు, ఆ మిషను మంచిదే. బియ్యం కాటాలా గ్రాముల్లో తేల్చదు. 148కీ 161కీ తేడా లేదనుకోండి. 148కీ 240కీ ఉంది. అంకె నమ్మబుద్ధి కాకపోతే చేతులు కడుక్కుని మళ్ళీ చూడండి. ఒక్క అంకెని పట్టుకుని సొంతంగా మందు పెంచడం మాత్రం ఎన్నటికీ చెయ్యకండి.

3. ఎక్కువ నెమ్మదిగా చంపుతుంది, తక్కువ ఆ రాత్రే

ఆ మామిడిపళ్ళ రాత్రి రెండు గంటలకి మా ఆవిడకి మెలకువ వచ్చింది. నా బనీను నీళ్ళలో ముంచినట్టు తడిసిపోయి ఉందట. లేపితే మిల్లు యజమానితో మాట్లాడుతున్నట్టు ఏదో బస్తాల లెక్క గొణిగానట. ఆమె ఎక్కువ చదువుకోలేదు. కానీ మా అత్తగారికి ఇలా జరగడం చూసింది. గ్లాసుడు నీళ్ళలో గుప్పెడు పంచదార కలిపి, కూర్చోబెట్టి తాగించింది. మా అమ్మాయి మిషను తెచ్చి చూస్తే 43. పంచదార తాగాక కూడా 43! అంతకు ముందు ఎంత ఉందో తలుచుకోవడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలదు.

70 కంటే తగ్గితే తక్కువ కింద లెక్క. 54 కంటే దిగితే ప్రమాదం. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, కళ్ళు బైర్లు కమ్మడం, ఉన్నట్టుండి చిరాకు. నా విషయంలో ముందు వచ్చేది కోపం. "ఏవండీ, ఊరికే అరుస్తున్నారు, వేలు ఇలా ఇవ్వండి" అంటుంది మా ఆవిడ. ఆమె అన్న పదిసార్లలో ఏడెనిమిదిసార్లు అంకె 70 లోపే.

అప్పుడు చెయ్యవలసింది ఇది. మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ, అంటే సుమారు పదిహేను గ్రాములు, నీళ్ళలో కలుపుకుని తాగాలి. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే తాగాలి. సర్దుకున్నాక ఏదైనా తినాలి. నేతి లడ్డూ, చాక్లెట్టు పనికిరావు. వాటిలోని కొవ్వు చక్కెరని త్వరగా ఒంటికి పట్టనివ్వదు. వోగ్లిబోజ్, అకార్బోజ్ మాత్రలు వాడేవాళ్ళకి పంచదార త్వరగా పనిచెయ్యదు, గ్లూకోజే కావాలి. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యాలి.

బి.పి.కి అటెనోలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకి వణుకు, దడ పైకి తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. కారణం లేని చెమట పడితే వాళ్ళు వెంటనే చూసుకోవాలి.

ఆ రాత్రి తర్వాత నా చొక్కా జేబులో గ్లూకోజు పొట్లం లేకుండా గడప దాటలేదు. అలిపిరి మెట్లు ఎక్కినప్పుడు దారిలో రెండుసార్లు చూసుకున్నాను. గాలిగోపురం దగ్గర 82 ఉంటే ఆగి అరటిపండు తిని ఎక్కాను.

4. వివరం లేని పద్దు పద్దే కాదు

మిల్లు చిట్టాలో "రూ. 4,200 ఖర్చు" అని ఊరికే రాస్తే యజమాని ఊరుకుంటాడా? ఎవరికి, ఎందుకు, ఏ రసీదు మీద? నా షుగరు పుస్తకంలో మాత్రం పన్నెండేళ్ళు నేను రాసింది తేదీ, అంకె. అంతే. ఇప్పుడు ఆ పుస్తకాలు తీసి చూస్తే 204 అని ఉంటుంది. ఎందుకు 204? పెళ్ళిభోజనమా, జ్వరమా, మాత్ర మరిచానా, రాత్రి నిద్ర లేదా? ఏమీ తెలియదు. ఆ రోజులన్నీ వృథా అయ్యాయి.

ఇప్పుడు రాసే తీరు ఇది: తేదీ, వేళ, తినకముందా తిన్న తర్వాతా, అంకె, పక్కన నాలుగు ముక్కలు. "రెండు ఇడ్లీ, కొబ్బరి పచ్చడి. నడవలేదు." "తిరుపతి నుంచి బస్సులో వచ్చాం, నిద్ర లేదు." "అన్నయ్య పోయిన రోజు." ఆ చివరి దాని పక్కన అంకె 267. ఆ రోజు నేను మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. దుఃఖానికి కూడా చక్కెర పెరుగుతుందని పుస్తకం చెప్పింది.

రిచర్డ్ బెర్న్‌స్టయిన్ అనే అమెరికా ఇంజనీరు గురించి చదివాను. పన్నెండో ఏట నుంచి షుగరు. 1969 ప్రాంతంలో రక్తంలో చక్కెర చూసే మిషను మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని డాక్టర్లకి, ఆసుపత్రులకే అమ్మేవాళ్ళు. ఆయన భార్య డాక్టరు. ఆమె పేరు మీద తెప్పించుకుని రోజుకి అయిదారుసార్లు చూసుకుంటూ, ఏం మారిస్తే ఏం మారుతోందో రాసుకుంటూ పోయాడు. రోగి తన ఇంట్లో తాను చూసుకోవడమేమిటని అప్పటి వైద్యులు కొట్టిపారేశారు. నలభై అయిదేళ్ళ వయసులో వైద్య కళాశాలలో చేరి డాక్టరయ్యాడు. మన జేబులో ఉన్న ఈ చిన్న మిషను వెనక అలాంటి పట్టుదల ఉంది.

5. డాక్టరు మెప్పు కోసం రాసేది దొంగ లెక్క

ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్పాలి.

కాకినాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి మూడు నెలలకోసారి వెళ్ళేవాణ్ణి. వెళ్ళే ముందు వారం రోజులు అన్నం తగ్గించి, గోధుమ రొట్టె తిని, గంటసేపు నడిచేవాణ్ణి. పొద్దున పరగడుపున మాత్రమే చూసుకునేవాణ్ణి, ఎందుకంటే అప్పుడు అంకె బాగుండేది. ఆమెకి చూపించే పుస్తకంలో 150 దాటిన రోజు రాసేవాణ్ణి కాదు. దాని నిండా 118, 124, 121. 2007లో ఆమె మూడు నెలల సగటు పరీక్ష రాసింది. హెచ్‌బీఏ1సీ అంటారు కదా, అది. 9.1 వచ్చింది. అంటే రాత్రీ పగలూ కలిపి సగటు 214 దగ్గర.

ఆమె పుస్తకాన్నీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, "బాబాయిగారూ, మీ మిల్లులో కూడా లెక్కలు ఇలాగే రాస్తారా?" అంది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క పైసా తేడా రానివ్వని మనిషిని. నా కళ్ళకీ కాళ్ళకీ సంబంధించిన లెక్కలో దొంగ పద్దులు రాశాను.

ఆ పరీక్ష ఎందుకు అబద్ధమాడలేదో ఆమే వివరించింది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. రక్తంలో తిరిగే చక్కెర దాని రంగు పదార్థానికి అంటుకుపోతుంది. ఎంత ఎక్కువ చక్కెరలో తిరిగితే అంత ఎక్కువ అంటుకుంటుంది. వారం పత్యంతో అది కడుక్కుపోదు. 6.5, ఆపైన ఉంటే షుగరు జబ్బు. 7 అంటే సగటు 154.

దానికీ లోపాలున్నాయి. మా ఆవిడకి ఇనుము తక్కువై రక్తహీనత ఉన్నప్పుడు అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది. రక్తం ఎక్కించుకున్నవాళ్ళకి, ఏజెన్సీ ఊళ్ళలో కనిపించే సికిల్ సెల్ ఉన్నవాళ్ళకి కూడా దాన్ని కళ్ళు మూసుకుని నమ్మకూడదు. వేలి చుక్కా, సగటూ పొంతన కుదరకపోతే అది డాక్టరుకి చెప్పాలి.

6. జంటగా చూస్తేనే అర్థం

నా పరగడుపు అంకె బాగుండి సగటు చెడిపోవడానికి కారణం భోజనం తర్వాతి షుగరు. అది నేను ఎప్పుడూ చూడలేదు. డాక్టరమ్మ చెప్పిన పద్ధతి ఇది: తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి రెండు గంటలకి ఇంకోసారి. రెండిటి తేడా ఆ భోజనం ఖరీదు. మామూలుగా తినకముందు 80 నుంచి 130 మధ్య, తిన్నాక 180 లోపు ఉండాలని లక్ష్యం పెడతారు. మనిషిని బట్టి డాక్టరు దాన్ని మారుస్తారు.

ఆ నెలంతా నేను రోజుకో జంట చూశాను. నాలుగు ఇడ్లీ: 116, తర్వాత 221. రెండు ఇడ్లీ, ఎక్కువ సాంబారు: 112, 167. పెసరట్టు రెండు, ఉప్మా లేకుండా: 119, 152. అదే పెసరట్టులో ఉప్మా పెట్టించుకుంటే 198. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది రాగి జావ. షుగరుకి మంచిదని ఊరంతా చెబితే పెద్ద గ్లాసుతో తాగేవాణ్ణి. 114 నుంచి 209కి ఎక్కింది. మెత్తటి పిండి, పలచగా కాచినది, నమలనక్కర్లేదు, గబగబా రక్తంలోకి పోతుంది. అదే జొన్న రొట్టె ఒకటి వంకాయ కూరతో తింటే 160 దాటలేదు.

ఇక అన్నం. బియ్యం నా బతుకు. మిల్లు నుంచి బయటికి పోయే బియ్యం ఎంత తెల్లగా ఉంటే అంత ధర. తవుడంతా వేరే బస్తాల్లోకి పోయేది. దంపుడు బియ్యం తింటే షుగరు రాదని చెప్పేవాళ్ళు ఉన్నారు. కొంత నెమ్మదిగా ఎక్కుతుంది, నిజమే. కానీ కుప్పగా తింటే అదీ ఎక్కుతుంది. నేను పుస్తకంలో కనుక్కున్నది వేరు: ముందు కూర, పప్పు తిని చివర అన్నం తింటే అంకె తగ్గింది. భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు వీధి చివరి వరకు నడిచి వస్తే ముప్పై నలభై తగ్గింది. మధ్యాహ్నం తిని వెంటనే పడుకున్న రోజులన్నీ పైనే ఉన్నాయి. ఆ ఏడు చివరికి సగటు 7.3. మందు మారలేదు.

ఇవి నా అంకెలు. మీ ఒంట్లో రాగి జావ బాగానే కుదరవచ్చు. ఎవరి జంట వాళ్ళు చూసుకోవాలి.

7. తినకపోయినా పొద్దున పెరిగిందంటే

రాత్రి మజ్జిగ తాగి పడుకుంటే పొద్దున 150 ఎలా వస్తుంది? మా మేనల్లుడు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. తెల్లవారుజామున ఒళ్ళు లేవడానికి సిద్ధపడుతూ కొన్ని హార్మోన్లు వదులుతుంది. వాటి పిలుపుకి కాలేయం తన గాదెలోంచి చక్కెర తీస్తుంది. షుగరు లేనివాళ్ళలో ఇన్సులిను దాన్ని సర్దేస్తుంది, మనలో సర్దలేదు. రాత్రి భోజనం మానేస్తే ఇది తగ్గదు. ఇన్సులిను వాడేవాళ్ళు ఒకటి రెండు రోజులు రాత్రి మూడింటికి లేచి చూసుకుని ఆ అంకె డాక్టరుకి చూపించాలి. అప్పుడు పడిపోతోందో, పెరుగుతోందో తేలుతుంది.

8. మామూలు రోజులు కాని రోజులు

జ్వరం వస్తే ఏమీ తినకపోయినా చక్కెర పెరుగుతుంది. ఆ రోజుల్లో మామూలుకంటే ఎక్కువసార్లు చూడాలి. తినడం లేదని ఇన్సులిను సొంతంగా ఆపెయ్యకూడదు. ఆయాసానికి, కీళ్ళకి స్టిరాయిడ్ ఇస్తే షుగరు ఎగురుతుంది, అదీ పొద్దున కాదు, మధ్యాహ్నం సాయంత్రం. నాకు మోకాలికి ఇంజక్షను ఇచ్చిన డాక్టరు ఈ మాట చెప్పలేదు. మర్నాడు సాయంత్రం 340. మీకు షుగరు ఉందని ముందే చెప్పండి, అడిగేదాకా ఆగకండి.

కార్తీక సోమవారం ఉపవాసం నేను మానెయ్యలేదు. కానీ ముందు డాక్టరుని అడిగి మాత్ర సర్దించుకున్నాను. మధ్యాహ్నం ఒకసారి, దీపాల వేళకి ఒకసారి చూసుకుంటాను. మిల్లులో హమాలీల మేస్త్రీ నా స్నేహితుడు, ఇన్సులిను మీద ఉండి కూడా రంజాన్ రోజాలు ఉండేవాడు. వేలికి సూది గుచ్చుకుంటే రోజా చెడుతుందని భయపడి చూసుకునేవాడు కాదు. వాళ్ళ మత పెద్దలే అలా చెడదని చెప్పాక మొదలుపెట్టాడు. 70 లోపు దిగినా, 300 దాటినా ఆ రోజు ఉపవాసం విరమించాలన్నది వైద్యుల మాట. ఒకనాడు అసర్ నమాజు వేళ 64 వచ్చింది. నా ఎదురుగానే ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ప్రాణం కాపాడుకోవడం కూడా అల్లా ఆజ్ఞే కదయ్యా అన్నాను.

9. స్ట్రిప్పు డబ్బుతో కొన్నది, లెక్కగా వాడండి

ఇన్సులిను వేసుకునేవాళ్ళు రోజూ, పలుమార్లు చూసుకోవాలి. అక్కడ పొదుపు కుదరదు. మాత్రల మీద నిలకడగా ఉన్నవాళ్ళకి రోజూ అక్కర్లేదు. రోజూ పరగడుపున ఒకటి చూసి పడేసే కంటే, నెలకి ఒక వారం ఎంచుకుని ఒకరోజు టిఫినుకి జంట, మరునాడు మధ్యాహ్నానికి జంట, తర్వాత రాత్రికి జంట చూడండి. తక్కువ ఖర్చుతోనే పదింతలు తెలుస్తుంది. మందు మారినప్పుడు, ఒంట్లో బాగోనప్పుడు పెంచండి.

ఒకరి సూది ఇంకొకరు వాడకూడదు, మొగుడూ పెళ్ళాం అయినా సరే. కొన్ని రకాల కామెర్లు అలాగే అంటుకుంటాయి. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యండి. చెత్త ఎత్తే అమ్మాయి చేతిలో దిగకూడదు.

ముప్పై దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, బి.పి. ఉచితంగా చూస్తారు. మా వీధిలో నలుగురిని నేనే తీసుకెళ్ళాను. ఇద్దరికి ఉంది, ఇద్దరికీ తెలియదు.

10. చేతికి అంటించిన బిళ్ళ

మా అబ్బాయి న్యూజెర్సీ నుంచి వస్తూ సెన్సరు తెచ్చాడు. భుజం వెనక అంటిస్తే పద్నాలుగు రోజులు ఉంటుంది, ఫోనులో గీత గీస్తుంది. అది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల చుట్టూ ఉండే నీటిని చూస్తుంది. కాబట్టి అంకె అయిదు పది నిమిషాలు వెనకబడుతుంది. గబగబా పడిపోతున్నప్పుడు ఆ తేడా ముఖ్యం, వేలితో సరిచూసుకోవాలి. ఒకరాత్రి 58 అని గోల చేసింది. వేలితో చూస్తే 109. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకున్నాను, అంతే.

అయితే అది చూపించినంత ముప్పై ఏళ్ళలో ఏదీ చూపించలేదు. నా శిఖరం రెండు గంటలకి కాదు, గంటా పది నిమిషాలకి. నేను చూసుకునేసరికి కొండ దిగిపోతున్నాను. 70కీ 180కీ మధ్య రోజులో నూటికి డెబ్భై వంతులు ఉంటే మంచిదంటారు. నా వయసువాళ్ళకి సగం ఉన్నా చాలు, తక్కువకి పడిపోకుండా ఉండటం ముఖ్యం.

ఒక చిక్కు కూడా వచ్చింది. నా గీత అమెరికాలో మా మనవరాలికీ కనిపించేది. "తాతయ్యా, ఇప్పుడేం తిన్నావ్?" అని అర్ధరాత్రి మేలుకుని ఫోను చేసేది. మూడోసారి నేను నిజం చెప్పలేదు. ఫోను పెట్టేశాక మళ్ళీ డాక్టరమ్మ ప్రశ్న చెవిలో వినిపించింది. అందుకే ఇంట్లోవాళ్ళకి ఒక మనవి: అంకె ఎక్కువ వచ్చినప్పుడు "ఏం తిన్నారు?" అని అడగకండి. మా ఆవిడ ఇప్పుడు "కాసేపు నడిచి వద్దామా?" అంటుంది. ఆ మాటకి నేను దాచిన జీడిపాకం కూడా చెప్పేస్తాను.

11. వయసుతో పాటు లక్ష్యమూ మారాలి

డెబ్భై దాటాక డాక్టరమ్మ నా గ్లైబెన్‌క్లమైడ్ పూర్తిగా తీసేసింది. సగటు 7.5, 8 వరకు ఉన్నా ఫర్వాలేదంది. నాకు నచ్చలేదు. ఇన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్న 6.8ని ఎందుకు వదలాలి? "ఆ 6.8లో ఎన్నిసార్లు 60కి దిగారో మీ పుస్తకమే చెబుతోంది. ఈ వయసులో ఒకసారి కళ్ళు తిరిగి పడితే తుంటి విరుగుతుంది" అంది. పుస్తకం తిరగేశాను. మూడు నెలల్లో పదకొండుసార్లు. ఒప్పుకున్నాను.

మా మేనల్లుడికి ఇది వర్తించదు. వాడి ముందు నలభై ఏళ్ళున్నాయి, వాడు గట్టిగానే పట్టుకోవాలి. ఏడాదికోసారి కంటి వెనక పొర, మూత్రంలో ప్రోటీను, పాదాల స్పర్శ కూడా చూపించుకోవాలి. వేలి చుక్క వాటి సంగతి చెప్పదు.

ఇది రాస్తుండగా వాడు తన పుస్తకం ఫొటో పంపాడు. వారం రోజుల జంటలు. వాళ్ళమ్మకి కూడా చెప్పాడట. గీతలు కొట్టి, గడులు కట్టి చక్కగా రాశాడు. బుధవారం సాయంత్రం 236, పక్కన గడి ఖాళీ. ఫోను చేసి అదేమిటని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "పాప పుట్టినరోజు మామయ్యా. కేకు తిన్నాను" అన్నాడు.

"ఎన్ని ముక్కలు?"

"రెండు."

"రాయి."

పది నిమిషాలకి ఇంకో ఫొటో వచ్చింది. ఆ గడిలో చిన్న అక్షరాలతో ఉంది: పాప పుట్టినరోజు, కేకు రెండు ముక్కలు, తర్వాత పాపని ఎత్తుకుని పార్కు దాకా నడిచాం.